చలిగాలి కాదు, చలిజ్వరం

మొదటి వణుకు వచ్చినప్పుడు నాకు సంతోషమేసింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. భీమిలి నుంచి వచ్చి పది రోజులైంది. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకుంటుంటే ఒళ్లు జలదరించింది. ఆ సముద్రం ఇంకా నాలో ఉందనుకున్నాను. ఉన్నది మలేరియా.

2011 డిసెంబర్‌లో నేనూ, నాతోపాటు లైబ్రరీలో చదువుకునే స్నేహితురాలు సరితా వెళ్లాం. నా బ్యాగులోంచి దోమల క్రీము తీసేసింది తనే. "ఆ గాలికి దోమలు ఆగుతయానే? స్వెటర్ పెట్టుకో." బీచ్‌లో నిజంగానే ఒక్క దోమ లేదు. చలికి ఆగలేక లాడ్జి గది కిటికీలు బిగించుకున్నాం. గాలి బయటే ఉండిపోయింది. దోమలు మాతోపాటు లోపలున్నాయి.

అశోక్‌నగర్‌లో మా హాస్టల్ దగ్గరి డాక్టరు గారు నవ్వారు. "చలికాలంల సముద్రానికి ఎవరు పొమ్మన్నరమ్మా? చలిగాలి తగిలింది. వైరల్." హాస్టల్లోనూ అందరిదీ అదే మాట. చలిజ్వరం అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎన్ని దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయేది. చెమట పట్టి జ్వరం దిగితే తగ్గిందనుకునేదాన్ని, మళ్లీ వచ్చేది. నేనే అడిగి చేయించుకున్న మలేరియా రక్తపరీక్ష, స్మియర్, నెగెటివ్ వచ్చింది.

చివరికి నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరమ్మ ఎక్కడికెళ్లానని అడిగారు.

"బీచ్‌కండీ."

"బీచ్‌కి ఊరు లేదా?"

చెప్పాను. రిపీట్ స్మియర్ రాశారు. సాయంత్రం వచ్చి, "ఫాల్సిపారమ్ మలేరియా, ప్రాణం మీదకు తెచ్చే రకం. ఒకసారి నెగెటివ్ వస్తే లేదని కాదు. నీతో ఎవరొచ్చారు? ఇవాళే టెస్ట్ చేయించుకోమను" అన్నారు.

సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే ఫోన్ చేశాను. బర్కత్‌పురలో వాళ్లింట్లో సరిత కూడా జ్వరంతో పడుకుని ఉంది.

ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో నేను బతికాను. ప్లేట్‌లెట్స్ పడిపోయి, మెల్లగా లేచాయి. నేను డిశ్చార్జ్ అయ్యేనాటికి సరిత లేదు. ఫిట్స్ వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లారట, అప్పుడు చేశారు స్మియర్. వాళ్ల బంధువులు ఇప్పటికీ "సముద్రం గాలి పడలే పాపం" అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాను, అదే లైబ్రరీకి వెళ్తున్నాను. నేను చెప్పగలిగేది ఒక్కటే. చల్లటి ఊరైనా, గాలి ఊరైనా దోమల క్రీము తీసుకెళ్లండి. వచ్చాక జ్వరమొస్తే ఊరి పేరు చెప్పి మలేరియా టెస్ట్ అడగండి. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్లీ అడగండి.

ఆ రోజు ఫోన్‌లో ఇదంతా సరితకు చెప్పబోయాను. నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"నాది ఉత్త సర్దే పిల్లా. నువ్వు పరేషాన్ గాకు. లైబ్రరీల నా సీటు జర ఆపు, సోమవారం వస్త."