కవల అక్కని నేనే పుట్టించాను

నేను ఆరో తరగతిలో ఉండగా మొదలైన ఆ తెలుగు సీరియల్ నా ఇంటర్ రెండో ఏడు వచ్చినా అయిపోలేదు. నాన్న రైల్వే ఉద్యోగం మమ్మల్ని శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ తెచ్చిపడేసింది. సాయంత్రం ఏడున్నర అయిందంటే మా క్వార్టర్‌లో టీవీ ముందు ముగ్గురం చేరేవాళ్లం: నేను, అమ్మ, పక్కింటి ఆంటీ. ఆంటీది రాయ్‌పూర్ దగ్గరి తిల్దా ఊరు. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా కథానాయిక ఏడిస్తే అమ్మకంటే ముందు ఆవిడ కొంగే తడిసేది. మాటలన్నీ హిందీలో చెప్పడం నా పని.

ఒక శుక్రవారం కథానాయిక గుడికి బయల్దేరింది. సోమవారం ఇంటికి తిరిగొచ్చేసరికి మొహం వేరు, ఎత్తు వేరు, గొంతు కూడా వేరు. అత్తగారూ మొగుడూ ఏమీ ఎరగనట్టు "వచ్చావా?" అన్నారు. ఇకనుంచి ఆ పాత్రలో కొత్త నటి అని తెర అడుగున ఒక వరుస గబగబా పరుగెత్తింది.

"ఒలే, ఇదెవత్తె? ఆ గుంటని ఏటి సేసినారు?" అని అమ్మ లేచి నిలబడింది.

"హమారీ వాలీ కహాఁ గయీ?" మనమ్మాయి ఎక్కడికి పోయిందంటూ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు. పోనీ నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా. "యే ఉస్‌కీ జుడ్వా బెహన్ హై, ఆంటీ" అనేశాను. కవల అక్క! చెల్లెల్ని గుడి దగ్గర ఎత్తుకుపోయి, ఆవిడ చీర కట్టుకుని ఇంట్లో దూరిందన్నాను.

అంత తేడా ఉంటే మొగుడు కనిపెట్టడా అని ఆంటీ అడిగింది. ఇప్పుడు అమ్మ చేతిలో నా వీపు విమానం మోతే అనుకున్నాను. అమ్మ మాత్రం తనకొచ్చిన హిందీలో చాలా గంభీరంగా, "మర్ద్ లోగ్ ముహ్ కబ్ దేఖ్‌తా హై?" అంది. మగాళ్లు మొహం చూసేదెప్పుడని. ఆంటీ ఆ క్షణమే నమ్మేసింది.

కొత్త నటి మీద మండిపడుతున్న అమ్మకి నా కథ తెగ నచ్చింది. మర్నాటినుంచి ఇద్దరం కలిసిపోయాం. కోడలు అత్తగారికి మందిస్తే అది విషమని నేను చెప్పేదాన్ని. ఆ అత్తగారు మందు తాగి దీవిస్తే, విషం నెమ్మదిగా పనిచేస్తుందని అమ్మ అందించేది. ఒకరోజు కొత్తామె రెండు నిమిషాలు ఏకబిగిన దేవుణ్ణి వేడుకుంది. "చెల్లిని పాత బియ్యం మిల్లులో దాచానంటోంది" అని నేను ఒక్క ముక్కలో తేల్చేశాను.

"ఇత్‌నా లంబా బోలీ, బస్ ఇత్‌నా హీ?" అంతసేపు మాట్లాడితే ఇంతేనా అని ఆంటీ అనుమానపడింది.

తెలుగు అంతే ఆంటీ, సాగుతుంది అన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. లోపల టీ గిన్నె దబ్బున కింద పడింది.

నెలన్నర ఇలా గడిచింది. ఆంటీ భర్త సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయనతోపాటు పనిచేసే తెలుగాయన తెలీబంధాలో ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశానికి ఆంటీ వెళ్లింది. అక్కడి ఆడవాళ్లకి కవల అక్క సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. వాళ్లు ముందు తెల్లమొహాలు వేసి, తరవాత పొట్టలు పట్టుకుని నవ్వి, అసలు కథ చెప్పారట.

ఆ సాయంత్రం ఆంటీ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. "దీదీ, తుమ్ భీ?" అంది అమ్మతో. నువ్వు కూడానా అని.

"తప్పయిపోనాది" అని అమ్మ కంగారులో తెలుగులోనే అనేసింది. నేను అమ్మ వెనక నక్కాను.

ఆంటీ కాసేపు మమ్మల్ని మార్చి మార్చి చూసింది. బిగబట్టిన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "మై ఉన్‌కో బోలీ, తుమ్హారా సీరియల్ బేకార్ హై. హమారా వాలా దేఖో!" మీది పనికిరాదు, మాది చూడండని వాళ్లకి చెప్పొచ్చిందట. వెనకాల మెట్ల మీద తెలీబంధా ఆడవాళ్లు నలుగురు చెప్పులు విడుస్తున్నారు.

తెలుగొచ్చినవాళ్ల ముందు ఏమని చెప్పను? అమ్మ టీవీ గొంతు నొక్కేసింది. బొమ్మ వాళ్లది, మాటలు మావి. కొత్తామె తులసికోట చుట్టూ తిరుగుతుంటే, తప్పించుకోవడానికి దారులు వెతుకుతోందన్నాను. నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. అందులో ఒకావిడకి ఎక్కిళ్లు పట్టుకుంటే ముగ్గురు కలిసి వీపు చరిచారు.

ఆ తరవాత వాళ్లూ రోజూ వచ్చేవాళ్లు. ఒక శుక్రవారం, చెప్పాపెట్టకుండా అసలు సీరియల్ ముగిసింది. అందరూ గ్రూపు ఫొటోలో నవ్వారు. మా చెల్లి ఇంకా మిల్లులోనే ఉంది! సోమవారం ఆరుగురూ టీవీ పెట్టకుండానే కూర్చున్నారు. అక్కని జైలుకి పంపాలని అమ్మ పట్టుబట్టింది, ఆంటీ వల్లకాదంది. నాలుగు సాయంత్రాలు వాదించుకున్నాక అక్కే తాళం తీసి చెల్లి కాళ్ల మీద పడిందని చెప్పాను. ఆంటీ ఏడుస్తూనే, తను వేయించి తెచ్చిన ఖుర్మీలు, అదే బెల్లం గోధుమ బిళ్లలు, అందరి చేతుల్లో పెట్టింది.