రజాక్ తుపాకి దించిన పొద్దు

మర్రిగూడ దిక్కు ఊళ్ళలో రజాక్ పేరెత్తితే ముందుగా గుర్తొచ్చేది అతని చాదస్తం, తుపాకి ఆ తర్వాతే. తండ్రి నాటి ఒంటి గొట్టం తుపాకి. లైసెన్సు ఉంది, పంటల మీద పడే అడవి పందులను కొట్టడానికి సర్కారు అనుమతి ఉంది. అయితే ఏం లాభం? అది భుజానికెత్తాడంటే పక్కనున్నవాళ్ళను మాటలతోనే చంపేసేవాడు. "నా ముందట నడవకుండ్రి. గొట్టం దిక్కు రాకుండ్రి. ముట్టుకున్నోని చెయ్యి ఇరగ్గొడ్త." ఫ్లోరైడు నీళ్ళకు మెడ బిగుసుకుపోయిన మనిషి, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అట్లా తిరిగి తిరిగి తిడుతుంటే జనం నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ఎన్ని పందులు పడ్డాయో అతనెప్పుడూ చెప్పుకోలేదు. పడ్డ పంది దగ్గరికి కూడా పోడు, తోబా తోబా అనుకుంటూ ఇంటి దారి పట్టేవాడు. "నా తుపాకితోటి ఇప్పటిదాంక ఒక్కని గోరు గూడ ఊడలే" అన్నదొక్కటే అతని గొప్ప.

ఆ గొప్పకు మూలం తండ్రి నేర్పిన మాట. "ట్రిగ్గర్ గుంజినంక టక్కుమని ఊకుంటే తూటా సచ్చిందనుకోకు బేటా. సప్పుడు లేనంత మాత్రాన సచ్చినట్టు గాదు. గొట్టం మట్టి దిక్కు పెట్టి ఆగు." ఈ మాట రజాక్ ఊరందరికీ చెప్పాడు. అందరికంటే ఎక్కువగా విన్నవాడు జంగయ్య.

జంగయ్యది రజాక్ చేను పక్క చేనే. రజాక్‌ను భాయ్ అనేవాడు, రజాక్ అతన్ని తమ్మీ అనేవాడు. ఏటా దసరాకు నాగలి, గొడ్డలి, కొడవళ్ళు కడిగి పూజకు పెట్టేటప్పుడు జంగయ్య కబురు పంపేవాడు. రజాక్ ఖాళీ తుపాకి తెచ్చి వాటి పక్కన పెట్టేవాడు. పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. తూటాల పటకా మాత్రం నడుము నుంచి విప్పేవాడు కాదు. పూజ అయ్యాక జంగయ్య భార్య నర్సింగమ్మ గారెలు పెడితే తిని, తుపాకి తుడుచుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ యేడు జంగయ్యకు పల్లి చేను తప్ప మరో ఆధారం లేదు. పత్తి ఎండిపోయింది. పల్లి మాత్రం దేవుని దయ వల్ల నిలబడింది, పీకడానికి రేపో మాపో అన్నట్టుంది. ఆ వాసనకు పందుల మంద దిగింది. దసరా నాడు జంగయ్య చేతిలో పసుపు నీళ్ళ చెంబుతో వచ్చి, "గుండ్లకు గూడ తగలాలె భాయ్, ఈసారి నా బతుకు వీటి మీదనే ఉన్నది" అంటూ రజాక్ నడుము మీద కుమ్మరించాడు. పటకా తడిసి ముద్దయింది.

ఇంకెవడైనా అయితే రజాక్ తిట్లతో ఆ ఇంటి పెంకులు లేచిపోయేవి. కానీ జంగయ్య కళ్ళలో నీళ్ళున్నాయి. అంత ఆశతో పోసినవాణ్ణి ఏమని తిడతాడు? ఇంటికెళ్ళి తూటాలు తుడిచి ఎండలో పెట్టాడు. అవి అట్ట మూత ఉన్న పాత తూటాలు. చూసి అతని భార్య షరీఫా, "కొత్తవి తెచ్చుకోరాదు?" అంది. కొత్తవి కావాలంటే లైసెన్సు పట్టుకుని పట్నం పోవాలి. పందులేమో చేన్లో ఉన్నాయి. "ఎండినయి తియ్యి" అన్నాడు రజాక్. బతుకంతా ఊరికి జాగ్రత్తలు చెప్పిన మనిషి ఆ ఒక్క పూట తన మాట తానే వినలేదు.

మర్నాడు తెలతెలవారుతుండగా ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. మంద వచ్చింది. రజాక్ గురి చూసి ట్రిగ్గర్ గుంజాడు. టక్ మంది, అంతే. గొట్టం గట్టు మట్టి దిక్కు తిప్పి పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

"తియ్యి భాయ్, తీసి వేరేది పెట్టు!" జంగయ్య తొందరపెట్టాడు.

"ఆగు తమ్మీ. లోపట నిప్పుంటే చేతిల పేల్తది."

చాలాసేపు ఆగి, ఒళ్ళంతా పక్కకు తిప్పి తెరిచి, ఆ తూటాను దూరంగా పెట్టాడు. రెండోది వేసి కాల్చాడు. తుస్సుమంది. తడిసిన పటాకిలా ఇంత పొగ వచ్చింది, భుజానికి దెబ్బ తగల్లేదు. పందులు తలెత్తి చూశాయి. ఏమీ కాలేదని మళ్ళీ మూతులు మట్టిలో పెట్టాయి.

రజాక్‌కు అనుమానం వచ్చింది. తుపాకి తెరిచి ఖాళీ చేసి, వెనక నుంచి గొట్టంలోకి ఆకాశం దిక్కు చూశాడు. వెలుగు లేదు. తూటాలోని అట్టబిళ్ళ గొట్టంలో ఇరుక్కుంది.

"ఇంకోటి పెట్టు భాయ్, నీ కాళ్ళు మొక్కుత!"

"పెడితే గొట్టం పలుగుతది. నువ్వు పోతవ్, నేను పోత. ఇయ్యాల ఇగ కాదు."

జంగయ్య మట్టిబెడ్డలు తీసుకుని అరుస్తూ చేన్లోకి ఉరికాడు. ఆ పందులు మనిషి అరుపులకు ఎప్పుడో అలవాటు పడ్డాయి. ఒక పోతు తిరగబడేసరికి వచ్చి గట్టు మీద పడ్డాడు. పొద్దు పొడిచేదాకా ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. రజాక్ ఇంటికెళ్ళి ఇనుప చువ్వతో ఆ బిళ్ళను బయటికి తోశాడు. పట్నం పోయి కొత్త తూటాలు తెచ్చేసరికి చేన్లో పీకడానికి ఏమీ మిగల్లేదు.

బిళ్ళను చూపిద్దామని జంగయ్య ఇంటికి పోయాడు. జంగయ్య దాని వైపు కూడా చూడలేదు. "నాకెందుకు భాయ్ అది? పందులకు చూపియ్యి" అన్నాడు. పసుపు నీళ్ళ మాట రజాక్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆరిపోయిన ఇంటి మీద ఇంకో చెంబు నీళ్ళు ఎందుకు? ఊళ్ళో మాత్రం ముసలోనికి చేతులు పడిపోయాయన్నారు, కొందరు భయపడ్డాడన్నారు.

మరుసటి యేడు జంగయ్య చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టాడు. తెలిసి రజాక్ కుంటుకుంటూ పోయాడు. "తీసెయ్ తమ్మీ. నేనొచ్చి కూసుంట. తూటాలు కొత్తయి."

"నువ్వు ఆగుమంటవ్ భాయ్. ఆగితే నాకేం మిగిలింది?"

రజాక్ తీగ జోలికి పోకుండా తిరిగొచ్చాడు.

ఒక పొద్దున కరెంటు పోయింది. మోటారు చప్పుడు ఆగింది. తీగలో ఏమీ లేదని జంగయ్య విప్పడానికి పోయాడు. చేతిలో తీగ ఉండగానే కరెంటు వచ్చింది.

చావు దగ్గర మనుషులు మనుషుల్లాగే మాట్లాడారు. "రజాక్ తుపాకే నయం, ఒక్కని గోరన్న ఊడలే" అన్నాడు ఊళ్ళోని ఎల్లేశం. అది మెచ్చుకోలే. రజాక్‌కు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. సప్పుడు లేనంత మాత్రాన సచ్చినట్టు గాదని తను ఎవరికి వేయిసార్లు చెప్పాడో ఆ జంగయ్యే అక్కడ చాప మీద పడుకుని ఉన్నాడు.

నర్సింగమ్మ ఏడ్చి ఏడ్చి ఆగి, అతని వైపు చూసింది. "ఆ పొద్దు ఇంకోటి కాలిస్తే ఏమయ్యేదన్నా?"

"గొట్టం పలిగేది చెల్లె. నా చెయ్యి పోయేదేమో, పానమే పోయేదేమో."

ఆమె తలూపింది. "నిజమే అన్నా. నువ్వు మంచిగనే ఆగినవ్" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే రజాక్ తట్టుకునేవాడు. ఒళ్ళంతా తిప్పి చాప వైపు చూశాడు, చూడలేక మళ్ళీ ఒళ్ళంతా తిప్పుకున్నాడు.