మా అత్త దాచిన సర్కారు జొన్న

మొన్న పొద్దున మా మనవరాలు పరీక్షకు చదువుతూ చదువుతూ, "నాయినమ్మా, రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో జొరబడితే వాటి జన్యువుల ముక్కలు కలగలిసి, ఎవరూ చూడని మూడో రకం పుట్టొచ్చట" అంది. మనుషులూ మొక్కలూ చేసేదీ ఇంచుమించు అదేనట. తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ మనలో తెగి, మళ్ళీ కొత్తగా అతుక్కుని బిడ్డలకు పోతుందట. జన్యు పునస్సంయోగమని దానికో పేరు కూడా చెప్పింది. ఆ పేరుకు నాకు నోరు తిరగలేదు గానీ సంగతి తెలుసు. దాన్ని నేను చేను గట్టు మీద నిలబడి చూశాను. దాని మూలంగా మా ఇంట్లో పొయ్యి వెలగని పూటా చూశాను.

నేను మంథని పిల్లను. గోదారి ఒడ్డున వరి అన్నం తిని పెరిగి, ఖానాపూర్ దగ్గర జొన్నరొట్టెలు తినే ఇంటికి కోడలిగా వచ్చాను. మొదట్లో నా రొట్టెలకు గుండ్రమనేదే ఉండేది కాదు, అన్నీ మూలలే. మా అత్త నవ్వేదీ కాదు, తిట్టేదీ కాదు. ఆ వంకర రొట్టెలే ముందుగా తన పళ్ళెంలో వేసుకునేది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం. ఆ ఇంట్లో అన్నీ మామ మాట మీద నడిచేవి, ఒక్క ఇత్తునం తప్ప. కోతకు ముందు అత్త ఒక్కతే చేనులో సాలు సాలూ తిరిగి, మనసుకు నచ్చిన కంకులు కోసి, పొయ్యి పొగ తగిలేలా వంటింటి దూలానికి కట్టేది. అవే మరుసటేటికి విత్తనం. ఆమె తీయందే చేనులో కొడవలి పడేది కాదు.

అరవైల్లో మా ఊరికి సంకర జొన్న వచ్చింది. సైకిలు మీద ఊరూరా తిరిగి సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవక్ తెచ్చాడు కాబట్టి అందరూ దాన్ని సర్కారు జొన్న అనేవారు. పొట్టి కర్ర, బిగువైన కంకి, తొందరగా కోతకొచ్చేది. ఓ మూలన వేసి చూస్తే విరగపండింది. "పెద్దమ్మా, దీని ఇత్తునం దాచకు. ఏటేటా కొత్తది కొనాలె" అని ఆయన ముందే చెప్పాడు. అత్తకు ఆ మాట తిట్టులా తగిలింది. "ఇంట్ల బాలింతను వెట్టుకొని పిల్లకు పక్కింట్ల పాలడుగుతరా?" అంది. ఉన్నవాటిలో మంచి కంకులు ఏరి దూలానికి కట్టి, మరుసటేడు చేనంతా అవే వేయించింది.

వానలు పడి చేను లేచింది. లేవడమంటే, దేనికి తోచినట్టు అది లేచింది. ఒకటి మోకాలి దాకా ఉంటే దాని పక్కది చెయ్యెత్తినా అందేది కాదు. ఒకటి కంకి వేసేసరికి ఇంకోటి ఆకు మీదే ఉండేది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్విపోయేవారు. కానీ మా ఇంటిల్లిపాదికీ అదే ఏడాది తిండి. మామకు కోపం ఆగలేదు. "చేనంత ఆగం జేసినవ్. కోసి పశులకేస్త. ఇగ నుంచి ఇత్తునం ముచ్చట నేనే జూసుకుంట" అన్నాడు. ఆ పూట అత్త పొయ్యి రాజెయ్యలేదు. చేను పోతుందన్న బాధ కన్నా, ఆ పని చేజారిపోతుందన్న బాధే ఆమెకు ఎక్కువ.

గ్రామసేవక్ వస్తే, ఇంకేముంది, ముందే చెప్పిన గదా అంటాడనుకున్నాను. ఆయన గట్టు మీద చాలాసేపు నిలబడి చూసి మెల్లగా చెప్పాడు. "పెద్దమ్మా, నువ్వు దాచిన జొన్నకు తల్లి ఒక తీరు, తండ్రి ఒక తీరు. కొన్న ఏడు అన్ని సమంగ లేస్తయ్; దాని ఇత్తునం మళ్ళ ఏస్తే ఇద్దరి గుణాలు పేకముక్కల లెక్క కలిసి గీ కర్రలకు పంచుకుపోయినయ్. గందుకే ఏ రెండు కర్రలు ఒక్క తీరు లెవ్వు."

అత్త తలెత్తింది. "అంటే గీ చేన్ల ఎన్నడు లేని జొన్న గూడ ఉండొచ్చా?"

"ఉండొచ్చు. మంచిదో చెడ్డదో నాకు గూడ తెల్వది."

ఆమె తిన్నగా మామ దగ్గరికి పోయి, "పండేదాంక ఆగు. అటెన్క నీ ఇష్టం" అంది. మామ గొణుక్కుంటూనే కొడవలిని చూరులో చెక్కాడు.

ఆ ఏడు సరిగ్గా గింజ గట్టిపడే వేళకు ముసురు పట్టింది. ఊళ్ళో కొత్తగా కొని వేసిన సర్కారు జొన్నదంతా ఒకే ఎత్తు, ఒకే ఈడు. అందుకే అంతా ఒకేసారి బూజు పట్టి నల్లబడింది. మా చేనులోనూ తొందరపడ్డవి పాడయ్యాయి. వెనకబడ్డవి మాత్రం వాన వెలిశాక గింజ కట్టుకున్నాయి. ముసురులో తడిసి కూడా నల్లబడనివి కొన్ని ఉన్నాయి, ఎందుకో ఎవరికీ తెలియదు. గింజల గుమ్మి నిండలేదు గానీ తిండికి లోటు రాలేదు. చేను చూసి నవ్విపోయినవాళ్ళకూ కాసిని పెట్టాం.

కోతనాడు అత్త గట్టు మీదే నిలబడిపోయింది. మామ కూలీలను ఆపి, వెనక్కి తిరిగి, "ఏమే, ఇంక నిలవడ్డవేంది? నువ్వు ఇత్తునం తియ్యకుంట కోత ఎట్ల మొదలువెట్టాలె?" అన్నాడు. అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "రా బిడ్డా, నువ్వు గూడ రా" అని నా చెయ్యి పట్టుకుని చేనులోకి దిగింది. కర్ర మరీ ఎత్తు లేకుండా, ముసురుకు నల్లబడకుండా, గింజ నమిలితే తియ్యగా ఉన్నవాటినే ఇద్దరం ఏరాం. వాటిలోనూ దారి తప్పినవి ఏటేటా పుడుతూనే ఉండేవి, మేం తీసేస్తూనే ఉండేవాళ్ళం. ఆ జొన్న రొట్టెలు తినే మా పిల్లలు పెరిగారు.

అత్త పోయి చాలా కాలమైంది. పండేదాకా ఆగమని ఆమె అడిగి తీసుకున్న ఆ కాస్త గడువులోనే మా ఇంటి తర్వాతి ఏళ్ళన్నీ ఉన్నాయని, అన్నీ గడిచాక ఇప్పుడు తెలుస్తోంది.