చింతపిక్కల సర్వే

మా దీవి స్కూల్లో తెలుగు సెక్షన్‌కి లెక్కలు చెప్తాను. పిల్లలు తగ్గిపోతున్నారు, సెక్షన్ ఎత్తేస్తారన్న మాట స్టాఫ్ రూమ్‌లో మొదలయ్యాక నాకు కాలు నిలవలేదు. నాకైతే ఇంకో దీవికి బదిలీ, అంతే. ఉత్తరాంధ్ర ఒడ్డు నుంచి కొత్తగా వచ్చిన చేపల వేటవాళ్ల పిల్లలకి మాత్రం తెలుగు తప్ప ఇంకేదీ రాదు. సగానికి పైగా తెలుగు ఇళ్లు సెక్షన్ కావాలంటున్నాయని చూపిస్తే పైకి రాస్తానన్నారు హెడ్మాస్టరు.

చూపించడం నాకు తెలిసిన పనే. ముందు సరిగ్గా సగం ఇళ్లే కావాలంటున్నాయి అనుకుంటాం. అదే నిజమైతే, చీటీలు తీసి ఎంచిన నూరిళ్లలో "కావాలి" అనేవి యాభైకి ఓ పది అటూ ఇటూ ఊగొచ్చు. అరవై దాటితే మాత్రం అది చీటీల చలవ కాదు, జనం మాటే.

చీటీల్లో లంబాలైన్ పేటలోని మా ఇల్లు కూడా వచ్చింది. అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే అయితే ఏం బావుంటుందని అది పక్కన పెట్టి ఇంకోటి తీశాను. రెండు వారాలు సాయంత్రాలు ఫెర్రీ ఎక్కుతూ దిగుతూ అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ సందులు కూడా అన్నీ తిరిగాను. డెబ్బై ఎనిమిది మంది కావాలన్నారు. మూడుసార్లు కూడి చూశాను, అంతే వచ్చింది.

మర్నాడే, నాకు టీ ఇచ్చి మరీ కావాలన్న చేపలామె ఇంగ్లీషు మీడియం ఫారం కోసం లైన్లో కనిపించింది. నాకు ఒళ్లు మండింది. పక్కకి పిలిచి అడిగాను.

"మీరొచ్చి గుమ్మంలో నిలబడి అడిగితే వొద్దని ఎలాగంటాం దీదీ?" అంది నెమ్మదిగా. "మొఖం మీద సెప్పడానికి నోరు రావాల కదా."

ఆ కోపం ఆమె మీద కాదని ఇంటికి వచ్చేదాకా తెలియలేదు. నేను అడిగింది జనాన్ని కాదు, వాళ్ల మర్యాదని.

మళ్లీ మొదలుపెట్టాను. మూతకి చీలిక కోసిన పాలపొడి డబ్బా ఒకటి, ఇంటికో చింతపిక్క, ఓ గులకరాయి. పిక్క వేస్తే కావాలి, రాయి వేస్తే వద్దు. రెండోది ఎటైనా పారేసుకోవచ్చు. వాళ్లు వేసేటప్పుడు నేను వీధివైపు తిరిగి నిలబడ్డాను. ఈసారి మొదట తీసిన చీటీలే, అప్పుడు పక్కన పెట్టిన మా ఇంటితో సహా. మా వంతు వచ్చినప్పుడు మా ఆయన డబ్బా నాకే వదిలేసి వరండాలోకి వెళ్లిపోయారు. పిక్క ఓ చేతిలోకి, రాయి ఓ చేతిలోకి తీసుకున్నాను.

లెక్కపెడితే యాభై రెండు పిక్కలు.

హెడ్మాస్టరు మొహం వెలిగింది. సగం దాటింది కదా, ఆ డెబ్బై ఎనిమిది కాకపోయినా ఇదైనా రాసేద్దామన్నారు.

"రాయలేం సార్," అన్నాను. "రెండిళ్ల తేడా చీటీల్లోనే వచ్చిపోతుంది. దీంతో ఎటూ చెప్పలేం."

ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టారు. మనవాళ్లే మనకి వద్దనుకుంటే ఎవరేం చేస్తారు టీచర్, అన్నారు బాధగా. నేను తలూపాను. మా అమ్మాయి ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమేనని ఆయనకి తెలుసు. ఆ రాళ్లలో ఒకటి నాదని మాత్రం తెలియదు.