రాజనర్సు చూసిన జపాను ఊరు

బహ్రెయిన్ వచ్చి పంతొమ్మిదేళ్లయినా రాజనర్సు ఏనాడూ సీరియల్ చూసి ఎరగడు. పొద్దంతా టైల్స్ వేసి, హూరాలోని గదికొచ్చి, ఇంత తిని పడుకునే మనిషి. ఆ శుక్రవారం మధ్యాహ్నం మాత్రం జపానువాళ్ల దయ్యాల సీరియల్ దగ్గర కదలకుండా కూర్చున్నాడు. పెట్టమన్నది నర్సింగ్. అతని ఊరివాడే, గదిలో పక్క మంచం. హిందీ మాటలతో రాజనర్సు ఫోన్‌లో నడుస్తోంది.

కొండల నడుమ చిన్న ఊరు. కొత్తగా వచ్చిన టీచరమ్మకు అందరూ నవ్వుతూ ముల్లంగి దుంపలు తెచ్చి ఇస్తారు. ఏమడిగినా జవాబివ్వరు. ఊరికి కీడు చేసిందనుకున్న మనిషి ఇంటి తలుపుకు ఇంటికొకరు వచ్చి ఒక్కో మేకు కొట్టిపోతారు, మనిషి లోపల ఉండగానే. చంపింది ఎవరంటే ఎవరూ కాదు.

"ఒక్కడన్న కొట్టనని అంటలేడేందిరా," అన్నాడు రాజనర్సు.

"అంటే రేపు వాని తలుపుకే కొడ్తరు గదనే. నువ్వైతే అంటవా?"

"నేనైతే సుత్తె పారేసి వస్త."

అప్పుడే ఫోన్ మోగి, తెర మీద అక్క గౌరవ్వ పేరు వచ్చింది. తల్లి పోయాక బీడీలు చుట్టి అతన్ని పెంచింది ఆమే. మొగుడు పోయి ఊళ్లో ఒంటరిగా ఉంటోంది.

గౌరవ్వ ఏడవలేదు. మూడు రోజులుగా కిరాణం కొట్టులో సరుకు ఇవ్వడం లేదంది. బీడీల ఖార్ఖానాలో ఆకు, తంబాకు ఇవ్వలేదు. బోరు దగ్గర ఆమె బిందె తీసి పక్కన పెట్టారు. ఊరి కమిటీ పెద్ద లచ్చన్న మనవడికి జ్వరం తగ్గకపోతే ఆమే మంత్రం వేసిందన్నారట. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని గ్రామాభివృద్ధి కమిటీ తీర్మానించింది. ఆమె పక్షాన మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష.

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలే అక్కా?"

"నీకు తెల్వదా? నువ్వు గూడ బొటనవేలు పెట్టినవని లచ్చన్న ఫోన్ల చూపిచ్చిండు తమ్మీ. ఇగ నాకెవలున్నరు."

ఫోన్ పెట్టేసింది.

కమిటీ ఏ సంగతైనా ఊరి వాట్సాప్ గ్రూపులో ఆడియోగా పెడుతుంది. గుడికి రంగులైనా, బోనాలైనా, ఒప్పుకున్నవాళ్లు కింద బొటనవేలి గుర్తు పెట్టాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు డ్యూటీలో ఏడు నిమిషాల మాట ఎక్కడ వింటారు? ఆలస్యమైతే ఊరంటే పట్టింపు లేదంటారని ముందే గుర్తు పెట్టేస్తారు. మంగళవారం ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక బాత్‌రూం గోడకు టైల్ అద్దుతూ, సిమెంటు చేతితోనే నొక్కాడు రాజనర్సు. ఇప్పుడు విన్నాడు. మూడో నిమిషంలో అక్క పేరు.

గుర్తు తీసేశాడు. తీర్మానం తప్పని, మా అక్క ఎవరికీ ఏ కీడూ చేయలేదని ఆడియో పెట్టాడు. లచ్చన్నకు చేస్తే ఎత్తలేదు. అక్కకు చేస్తే స్విచ్ ఆఫ్. పావుగంటకు అతన్ని గ్రూపులోంచి తీసేశారు. ఆ వెంటనే నర్సింగ్ ఫోన్‌కు ఆ గ్రూపులోంచి ఒక ఆడియో వచ్చింది. నర్సింగ్ దాన్ని చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నాడు.

"ఏమన్నర్రా?"

నర్సింగ్ లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు. ఊళ్లో అతనికి భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. అన్నం ఉడికాక గదిలో మూడోవాడైన బెంగాలీ భాయ్‌ని పిలిచి, రాజనర్సును తినమని చెప్పమన్నాడు, హిందీలో. రాజనర్సు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.