ధ్యాస తప్పిన రోజు

నార్వేలోని బెర్గెన్‌లో మనసు వైద్యం చేసే రాగ్న్‌హిల్డ్ బూట్లు గుమ్మం దగ్గరే విడిచి, ఉన్ని మేజోళ్లతోనే కుర్చీలో కూర్చుంటుంది. వచ్చినవాళ్లను కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటుంది. మనసు ఎటైనా పోతే, తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోమంటుంది. భార్య పోయాక నిద్ర కరువైన పడవ మెకానిక్ ఓద్వార్ మాత్రం, "ఊపిరి చూసుకోడానికి ఇంత దూరం రావాలా డాక్టరమ్మా?" అని వేళాకోళమాడేవాడు. భార్య మాటెత్తితే పెదవి విప్పేవాడు కాదు.

తల్లిని సాగనంపిన మూడోనాడే రాగ్న్‌హిల్డ్ పనిలోకి వచ్చింది. ఓద్వార్‌కు శ్వాస గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి, "క్షమించండి, నా ధ్యాస ఇక్కడ లేదు. మొన్ననే మా అమ్మని మట్టిలో పెట్టి వచ్చాను," అంది. ఓద్వార్ కళ్లు తెరిచి, "తొందరేం లేదు. నేను కూర్చునే ఉంటాను," అన్నాడు. తర్వాత, అడక్కుండానే అతను, "మా ఆవిడ వంటింట్లో పడిపోయింది. నేను పక్కగదిలోనే రేడియో వింటున్నాను," అని మొదలుపెట్టాడు.