బతికేదానికి విప్పిన కొప్పు

నా పేరు మునివెంకటమ్మ. వయసు డెబ్బై మూడు. ఊరు బూదికోట. కొడుకు, కోడలు, రెండు పాడి ఆవులు, పట్టుపురుగుల షెడ్డు, ఇదే నా సంసారం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మొన్న గురువారం పొద్దున, నాకు రొమ్ము క్యాన్సరు మందు ఎక్కించిన నర్సమ్మ గుండె ఆగి చనిపోయిందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వెంటనే బంగారు గనుల పేట కోరమండల్‌లో ఆమె ఇంటికి వెళ్ళాను. "మా అక్కకు మీరు ఏమైతారమ్మా?" అని ఆమె చెల్లెలు అడిగింది. దానికి ఇది నా జవాబు.

మందు మొదలుపెట్టే ముందు, దానికి జుట్టు ఊడుతుందని డాక్టరు చెప్పగానే, నాకు మందే వద్దని లేచాను. బోడితలతో పాలడైరీ ముందు నిలబడితే, నేను బతికుండగానే ఊరు నా కోసం ఏడుస్తుంది. ఆ ఏడుపు నాకొద్దు. నర్సమ్మ ఆ గది వాకిట్లో అడ్డం నిలబడింది.

"కూర్చోమ్మా. జుట్టు నిలిపే దారి ఒకటి ఉండాది. అందరికీ పనిచెయ్యదు. చేసి చూద్దాము."

అది ఐసులా చల్లబరిచిన టోపీ. మందుకు ముందే పెట్టి, అయిపోయాక కూడా చాలాసేపు ఉంచాలి. చలికి మందు వెంట్రుకల కుదుళ్ళ దాకా తక్కువగా పోతుందట. టోపీ తలకు అతుక్కునే ఉండాలి. ఆమె తండ్రి గనిలో పనిచేసినవాడు. "మా నాయన గనిలోకి దిగే ముందు టోపీ నేనే బిగించేదాన్ని. వదులుండకూడదు," అంటూ నా టోపీని వేలి కణుపులతో రెండుసార్లు తట్టేది.

మొదటిసారి జుట్టు విప్పమంటే, విప్పానని అబద్ధం చెప్పాను. మా ఇళ్ళల్లో నలుగురిలో జుట్టు విరబోసుకునేది చావింట్లోనే. టోపీ కింద కట్టే తడిబట్ట నేనే చుట్టుకుని, అందులో చిన్న ముడి దాచాను. మూడు వారాలకు, టోపీ అంటని ఆ ముడి దగ్గర జుట్టు పిడికెడు ఊడి చేతికొచ్చింది.

నర్సమ్మ చూసి నవ్వింది. "మా గని మట్టిదిబ్బను టోపీ కింద పెట్టుకోనొచ్చినావా అమ్మా?"

"మేము చావింట్లో తప్ప విప్పము."

"పోయినోళ్ళ కోసం విప్పుతావు కదా. నువ్వు బతికేదానికి ఒకసారి విప్పు."

దుప్పటి తెచ్చి మంచం చుట్టూ కట్టింది. "ఇంగ నేనొకదాన్నే చూసేది. నాది ఎలకతోక. నీ జుట్టు చూస్తే కడుపు మండతాది."

"మండితే మండనీ, చిక్కు బాగా తియ్యి," అన్నాను.

పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో పాయలు తీసి, తడిపి, చదునుగా పరిచింది. తర్వాత ప్రతిసారీ అంతే, తన టీ చల్లారిపోయేది. జుట్టు పలచబడింది కానీ నిలిచింది. డైరీ దగ్గర ఒక్కరూ ఏడవలేదు. ముసల్దానికి నోరు తగ్గలేదని తిట్టుకున్నారు. నాకు కావలసిందీ అదే. ఆమె ఆపకపోతే నేను మందు వదిలేసి ఇంటికి వచ్చేసేదాన్ని.

అందుకే మొన్న, మగవాళ్ళు నిండిన ఆ ఇంట్లో, ఆమె శవపెట్టె మూతను రెండుసార్లు తట్టాను. కొప్పు విప్పాను. నడుము దాకా దిగింది. ముడి దాచిన చోట కొత్తగా మొలిచిన పొట్టి వెంట్రుకలు మాత్రం నా మాట వినకుండా నిక్కి నిలబడ్డాయి.

ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్ళు: కోడలు సరోజ, నర్సమ్మ చెల్లెలు స్టెల్లా.